మిబ్ లోడ్ చేసినా గ్రాఫ్ ఎందుకు రాదు?

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ లాంటి ఊళ్లలో ఇంటర్నెట్ నడిపే కేబుల్ ఆపరేటర్ల గదులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక ర్యాక్, అందులో ఓఎల్‌టీ (ఇళ్లకు ఫైబర్ లైన్లు పంచే పెట్టె), ఒకటో రెండో స్విచ్‌లు, కింద యూపీఎస్, పక్కన బ్యాటరీల వరుస. గదిలో మనిషి ఉండడు. లోపల ఏం జరుగుతోందో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కూర్చున్న ఇంజినీరుకు చెప్పాల్సింది నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరే. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే స్క్రీన్ మీద ‘యూపీఎస్ బ్యాటరీ మీద నడుస్తోంది, ఇంకా 40 నిమిషాలు’ అని రావాలి. చాలాచోట్ల వచ్చేది మాత్రం 1.3.6.1.2.1.33.2.1 అనే అంకెల గొలుసు. అది చూసి ఎవరో ఒకరు ‘మిబ్ లోడ్ చేయలేదు’ అంటారు. కంపెనీ సైటు నుంచి జిప్ ఫైలు దించి, అందులో ఉన్నవన్నీ సాఫ్ట్‌వేర్‌లో పడేస్తారు. సగం ఫైళ్లు ఎర్రర్ ఇస్తాయి. మిగతా సగం ఎక్కుతాయి గానీ గ్రాఫ్ రాదు.

మిబ్ ఫైలు ఏం చేస్తుందన్న అంచనాలోనే తేడా ఉంది. అది డ్రైవర్ కాదు. దాన్ని లోడ్ చేస్తే పరికరానికి కొత్తగా ఏమీ తెలియదు, సాఫ్ట్‌వేర్ కొత్తగా ఏమీ అడగదు. పరికరం ఎప్పుడూ అంకెల్లోనే మాట్లాడుతుంది. ఆ అంకెకు పేరేమిటి, విలువ ఏ రకం, ఏ కొలతలో ఉంది అన్నది రాసిపెట్టిన పుస్తకమే మిబ్. పహాణీలో ఒక పొలం 214/అ/2 అయితే ఊళ్లో దాన్ని చింతచెలక అనవచ్చు. ఆ పేరు తెలియని సర్వేయరు కూడా నంబరు పట్టుకుని పొలం కొలిచేస్తాడు. పరికరాల స్థితిని అడిగి తెలుసుకునే పద్ధతి అయిన ఎస్ఎన్ఎంపీలో ఓఐడీది, అంటే ఆ అంకెల గొలుసుది, సర్వే నంబరు పాత్ర, మిబ్‌లో ఉన్నది ఊరి పేరు.

ఆ నంబర్లకూ ఒక వరుస ఉంది. 1.3.6.1.2.1తో మొదలయ్యేవి అందరికీ ఉమ్మడి: ఇంటర్‌ఫేస్‌లు, పరికరం పేరు, ఎంతసేపటి నుంచి ఆన్‌లో ఉంది వగైరా. 1.3.6.1.4.1 తర్వాత వచ్చే అంకె కంపెనీది. సిస్కోకు 9, ఏపీసీకి 318, హువావేకు 2011, మైక్రోటిక్‌కు 14988. ఈ అంకెలను ఐయానా అనే అంతర్జాతీయ సంస్థ కేటాయిస్తుంది, జాబితా అందరికీ తెరిచే ఉంటుంది. కంపెనీ అంకెకు కింద ఏముందన్నది ఆ కంపెనీ ఇష్టం. అందుకే దాని మిబ్ లేకుండా ఆ కొమ్మను చదవడం కష్టం.

ముందు అంకెలతో అడగాలి

కాబట్టి పని మిబ్‌తో మొదలుపెట్టకూడదు. ముందుగా సర్వర్ నుంచే పరికరాన్ని ఉత్త అంకెలతో అడగాలి. నెట్-ఎస్ఎన్ఎంపీ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఎస్ఎన్ఎంపీగెట్ కమాండ్‌తో 1.3.6.1.2.1.1.2.0 అడిగితే సిస్ఆబ్జెక్ట్‌ఐడీ వస్తుంది, అంటే పరికరం తన రకాన్ని తాను చెప్పుకునే నంబరు. అసలు జవాబే రాకపోతే గొడవ మిబ్‌ది కాదు. కమ్యూనిటీ స్ట్రింగ్ (పాస్‌వర్డ్ లాంటి మాట) తప్పు, ఎస్ఎన్ఎంపీ ప్రశ్నలు వెళ్లే యూడీపీ 161 పోర్టు దారిలో ఎక్కడో ఆగింది, లేదా పరికరంలోని అనుమతి జాబితాలో సర్వర్ ఐపీ లేదు. టైమ్‌అవుట్ వస్తుంటే మిబ్‌లు మార్చి మార్చి లోడ్ చేయడం ఉత్త కాలక్షేపం.

జవాబు వస్తే అందులో కంపెనీ అంకెను జాగ్రత్తగా చూడాలి. మన దగ్గర చిన్న ఆపరేటర్లు వాడే ఓఎల్‌టీల్లో చాలావాటి మీద అమ్మినవాళ్ల పేరు ఉంటుంది, లోపల ఉన్నది మాత్రం వేరే తయారీదారు బోర్డు. డబ్బా మీది పేరు చూసి వెతికిన మిబ్ అన్ని ఎర్రర్లూ దాటి చక్కగా లోడ్ అవుతుంది, కానీ దాంట్లో ఉన్న ఒక్క ఓఐడీకీ పరికరం జవాబివ్వదు. సిస్ఆబ్జెక్ట్‌ఐడీలోని అంకెను ఐయానా జాబితాలో చూస్తే అసలు ఎవరిదో తెలిసిపోతుంది. వాళ్ల మిబ్ తెచ్చుకోవాలి. ఇది రెండు నిమిషాల పని, చాలామంది దాటేసేదీ ఇదే.

తర్వాత 1.3.6.1.4.1 కింద మొత్తం వాక్ చేసి, అంటే అక్కడున్న విలువలన్నీ వరుసగా అడిగి, ఆ జవాబును ఒక ఫైల్లో దాచుకోవాలి. పరికరం నిజంగా ఏమేం ఇస్తుందో చెప్పేది ఈ వాక్ మాత్రమే. మిబ్‌లో ఉన్నదంతా పరికరంలో ఉండాలని లేదు. ఒకే మిబ్‌ను కంపెనీ ఇరవై మోడళ్లకు ఇస్తుంది, చవక మోడల్‌లో సగం టేబుళ్లు ఖాళీ. ఇక్కడ రెండు జవాబుల మధ్య తేడా పట్టుకోవాలి. ‘నో సచ్ ఆబ్జెక్ట్’ అంటే ఆ అంశమే ఈ పరికరంలో లేదు, లేదా చూడ్డానికి అనుమతి లేదు. ‘నో సచ్ ఇన్‌స్టెన్స్’ అంటే అంశం ఉంది, చివర పెట్టిన ఇండెక్స్ తప్పు. చాలాసార్లు చివరి .0 మర్చిపోవడమే కారణం. లైనక్స్ సర్వర్లను గమనించేటప్పుడు అనుమతి సంగతి ఎక్కువగా తగులుతుంది: డెబియన్‌లో ఎస్ఎన్ఎంపీడీ (ప్రశ్నలకు జవాబిచ్చే సర్వీస్) మామూలు అమరికలో 1.3.6.1.2.1.1, 1.3.6.1.2.1.25.1 కొమ్మలు మాత్రమే చూపిస్తుంది. మిగతావి కావాలంటే దాని కాన్ఫిగ్ ఫైల్లో వ్యూ (చూపించే కొమ్మల జాబితా) వెడల్పు చేయాలి. మిబ్‌లు ఎన్ని పెట్టినా అవి తెరుచుకోవు.

ఎర్రర్లు ఎక్కడ పుడతాయి

మిబ్ మామూలు టెక్స్ట్ ఫైలే. మొదటి వరుసలో మాడ్యూల్ పేరు, ఆ వెంటనే ‘ఇంపోర్ట్స్’ అనే భాగం, తర్వాత నిర్వచనాలు, చివర ‘ఎండ్’. లోడింగ్ కష్టాల్లో ఎక్కువ భాగం ఆ ఇంపోర్ట్స్ దగ్గరే. ఈ మాడ్యూల్ ఏయే ఇతర మాడ్యూళ్ల మీద ఆధారపడిందో అక్కడ రాసి ఉంటుంది. ఓఎల్‌టీ ఆప్టికల్ మిబ్‌కు అదే కంపెనీ ఉత్పత్తుల మిబ్ కావాలి, దానికి కంపెనీ మూల మిబ్ కావాలి, దానికి అన్నిటికీ పునాది అయిన ఎస్ఎన్ఎంపీవీ2-ఎస్ఎంఐ కావాలి. మధ్యలో ఒకటి లేకపోతే దాని కింద ఉన్న పేర్లన్నీ గాల్లో వేలాడతాయి. నెట్-ఎస్ఎన్ఎంపీ దాన్ని ‘క్యానాట్ ఫైండ్ మాడ్యూల్’ అనీ, ‘అన్‌లింక్డ్ ఓఐడీ’ అనీ చెబుతుంది.

రెండు వందల ఎర్రర్లు ఒకేసారి వచ్చినా కంగారు పడాల్సిన పని లేదు. మొదటి ఎర్రర్ ఒక్కటే చూసి, అది అడిగిన మాడ్యూల్ తెచ్చి పెట్టి, మళ్లీ నడపాలి. ఎక్కువసార్లు రెండు వందలు పదికి దిగుతాయి. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో ఎర్రర్‌కు ఒక్కో మందు వెతికితే సాయంత్రం అవుతుంది. ఒక్కో ఫైలు అప్‌లోడ్ చేయించుకునే సాఫ్ట్‌వేర్లలో వరుస కూడా ముఖ్యమే: ముందు ప్రామాణిక ఎస్ఎంఐ, టెక్స్చువల్ కన్వెన్షన్ల మాడ్యూళ్లు, తర్వాత కంపెనీ మూల మిబ్, చివర అసలు కావలసినది. జిప్‌లో మూల మిబ్ ఏదో తెలియకపోతే ‘ఎంటర్‌ప్రైజెస్’ అనే మాటకు పక్కనే కంపెనీ అంకె ఏ ఫైల్లో ఉందో వెతికితే దొరుకుతుంది.

ఫైలు పేరు వేరు, మాడ్యూల్ పేరు వేరు. నెట్-ఎస్ఎన్ఎంపీ ఫోల్డర్‌లోని ఫైళ్లను తెరిచి లోపలి పేరు చూసుకుంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం ఇంపోర్ట్స్‌లో ఉన్న పేరుతోనే ఫైలు ఉండాలంటాయి. లోపలి మాడ్యూల్ పేరే ఫైలుకూ పెట్టేస్తే రెండు రకాలతోనూ ఇబ్బంది ఉండదు.

ఇక ఫైలే పాడైన సందర్భాలు. బ్రౌజర్‌లో తెరిచి సేవ్ చేసినప్పుడు మిబ్‌కు బదులు వెబ్ పేజీ సేవ్ అవుతుంది. మొదటి వరుసలో కోణపు బ్రాకెట్ కనిపిస్తే అదే. పీడీఎఫ్ మాన్యువల్ నుంచి కాపీ చేస్తే నిటారు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులవుతాయి, హైఫన్ పొడవు గీత అవుతుంది. ఫైలు మొదట్లో కంటికి కనిపించని బామ్ గుర్తు ఉంటే సాఫ్ట్‌వేర్ మొదటి పదమే తప్పంటుంది. వివరణల్లో చైనా లిపి అక్షరాలు ఉన్నవీ వస్తుంటాయి, కొన్ని పార్సర్లు (ఫైలును చదివే ప్రోగ్రాములు) అక్కడే ఆగిపోతాయి. ఆ వివరణను తీసేసినా పనికి నష్టం లేదు.

హైఫన్ల తంటా కాస్త విచిత్రమైనది. మిబ్ భాషలో రెండు హైఫన్లతో వ్యాఖ్య మొదలవుతుంది. అది వరుస చివరిదాకా సాగొచ్చు, మధ్యలో మళ్లీ రెండు హైఫన్లు వస్తే అక్కడే ముగుస్తుంది. కంపెనీ ఇంజినీరు అందం కోసం నాలుగు హైఫన్లు కొట్టి ఆ పక్కన ‘పవర్ టేబుల్’ అని రాస్తే, మొదటి రెండూ వ్యాఖ్యను తెరిచి తర్వాతి రెండూ మూసేస్తాయి. ‘పవర్ టేబుల్’ అసలు కోడ్ కింద లెక్కలోకి వచ్చి ఎర్రర్ అవుతుంది. వ్యాఖ్యను వరుస చివరిదాకా సాగనిమ్మని నెట్-ఎస్ఎన్ఎంపీకి చెప్పడానికి పెద్ద పీ, చిన్న సీ కలిపిన ఆప్షన్ ఉంది. పేర్లలో అండర్‌స్కోర్ ఉండకూడదన్నది ఇంకో నియమం, దాన్ని పాటించని కంపెనీలు బోలెడు. దానికి పెద్ద పీ, చిన్న యూ. ఫైలును దిద్దడం కంటే ఆప్షన్ పెట్టడం మేలు, ఎందుకంటే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దిద్దుబాట్లు మళ్లీ చేయాల్సి వస్తుంది. దిద్దక తప్పకపోతే అసలు ఫైలును పక్కన భద్రంగా ఉంచాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా పేర్లు రాకపోతే చూడాల్సినవి రెండు. డెబియన్, ఉబుంటు సర్వర్లలో ఎస్ఎన్ఎంపీ.కాన్ఫ్ ఫైల్లో ‘మిబ్స్’ అన్న మాట, పక్కన కోలన్ ఉన్న వరుస ఒకటి ఉంటుంది. అది మిబ్‌లేవీ లోడ్ చేయొద్దని చెప్పే వరుస. దాన్ని వ్యాఖ్యగా మార్చాలి. ప్రామాణిక మిబ్‌లు కూడా లైసెన్స్ కారణంగా అక్కడ విడిగా తెచ్చుకోవాల్సిందే, అందుకు ఎస్ఎన్ఎంపీ-మిబ్స్-డౌన్‌లోడర్ ప్యాకేజీ ఉంది. రెండోది యూజర్ సంగతి. ఇంజినీరు తన లాగిన్‌లో హోమ్ ఫోల్డర్ కింద మిబ్ పెట్టి పరీక్షిస్తాడు, పేరు చక్కగా వస్తుంది. మానిటరింగ్ సర్వీస్ వేరే యూజర్ కింద నడుస్తుంది, దానికి ఆ ఫోల్డర్ కనిపించదు. ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి, చదివే అనుమతి ఇచ్చి, సర్వీస్ యూజర్‌తోనే పరీక్షించి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి. నడుస్తున్న సర్వీస్ కొత్త ఫైలును తనంతట తాను చదువుకుంటుందని అనుకోవద్దు.

పేరు వచ్చింది, విలువ తప్పు

ఇంతవరకు జరిగింది పేర్లు పెట్టడమే. గ్రాఫ్ రావాలంటే ఏ ఓఐడీని, ఎన్ని నిమిషాలకోసారి అడగాలో, వచ్చిన విలువను దేనితో గుణించాలో ఇంకెక్కడో రాయాలి. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో అది టెంప్లేట్. లిబ్రెఎన్ఎంఎస్‌లో యామల్ డెఫినిషన్ ఫైళ్లు: ఒకటి సిస్ఆబ్జెక్ట్‌ఐడీ చూసి పరికరం ఏదో గుర్తుపడుతుంది, ఇంకొకటి ఏ సెన్సర్లు వెతకాలో చెబుతుంది. పీఆర్‌టీజీలో మిబ్‌ను దాని ఇంపోర్టర్‌తో ఓఐడీ లైబ్రరీగా మార్చాలి. ప్రొమీథియస్ ఎస్ఎన్ఎంపీ ఎక్స్‌పోర్టర్‌ది ఇంకా కుండబద్దలు కొట్టిన తీరు: మిబ్ కావలసింది జనరేటర్ నడిపేటప్పుడే, ఆ తర్వాత నడిచే ఎక్స్‌పోర్టర్‌కు మిబ్ అక్కర్లేదు. నిజానికి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పోలింగ్‌ను, అంటే పరికరాన్ని పదేపదే అడగడాన్ని, అంకెల ఓఐడీతో రాసుకోవడమే మంచిది. సర్వర్ మార్చినప్పుడు ఒక మిబ్ మర్చిపోయినా గ్రాఫ్ ఆగదు.

విలువల దగ్గర జరిగే తప్పు ఎంత ఖరీదైనదో యూపీఎస్-మిబ్‌లో చూడొచ్చు. ఇది 1994లో ఆర్ఎఫ్‌సీ 1628గా వచ్చిన ఉమ్మడి నిర్వచనం, 1.3.6.1.2.1.33 కింద ఉంటుంది. అందులో బ్యాటరీ వోల్టేజ్ 1.3.6.1.2.1.33.1.2.5.0. ఎస్ఎన్ఎంపీట్రాన్స్‌లేట్ కమాండ్‌కు పెద్ద టీ, చిన్న డీ ఆప్షన్ ఇస్తే నిర్వచనం మొత్తం తెర మీదికి వస్తుంది. అందులో యూనిట్స్ వరుస దగ్గర ‘0.1 వోల్ట్ డీసీ’ అని ఉంటుంది. అంటే 48 వోల్టుల బ్యాంకు 51.6 దగ్గర ఉంటే పరికరం ఇచ్చే అంకె 516. అదే మాడ్యూల్‌లో ఇన్‌పుట్ వోల్టేజ్ మాత్రం నేరుగా వోల్టుల్లో వస్తుంది, 230 అంటే 230. ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ మళ్లీ పదో వంతు: 500 అంటే 50 హెర్ట్జ్. ఒకే మాడ్యూల్‌లో మూడు అంశాలకు ఇన్ని తేడాలు.

మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ యూనిట్స్ వరుసను తమంతట తాము లెక్కలోకి తీసుకుంటాయన్న నమ్మకం లేదు. గుణకం 0.1 చేత్తో పెట్టకుండా ‘46 కంటే తగ్గితే అలారం’ అని రాస్తే, అది నిజానికి 4.6 వోల్టుల హద్దు. బ్యాటరీ పూర్తిగా పడిపోయి యూపీఎస్ ఆగిపోయేదాకా అలారం మోగదు, ఆగాక చెప్పడానికి యూపీఎస్ ఉండదు. గ్రాఫ్ మాత్రం అంతకాలమూ పచ్చగానే ఉంటుంది.

ఓఎల్‌టీలో ఆప్టికల్ పవర్‌ది కూడా ఇదే కథ, కాకపోతే అక్కడ ఉమ్మడి నియమం లేదు. ఒక కంపెనీ మైనస్ 2350 అని ఇస్తుంది, అది మైనస్ 23.50 డీబీఎం (కాంతి బలానికి కొలత). ఇంకొకటి పదో వంతుల్లో ఇస్తుంది. మరొకటి అంకెగా కాకుండా అక్షరాల స్ట్రింగ్‌గానే ఇస్తుంది, దాన్ని అంకెగా మార్చాలి. మిబ్‌లో ‘డిస్‌ప్లే హింట్’ దగ్గర డీ-2 అని ఉంటే చివరి రెండు అంకెలు దశాంశాలని అర్థం. ఏమీ లేకపోతే చేతిలో పవర్ మీటర్ పట్టుకుని ఒక ఓఎన్‌యూ (ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె) దగ్గర కొలిచి, దాని తాలూకు విలువతో పోల్చుకోవడమే దారి. క్లాస్ బీ ప్లస్ రకం జీపాన్ ఫైబర్ నెట్‌వర్క్‌లో ఓఎన్‌యూ అందుకోగల కనిష్ఠ హద్దు మైనస్ 27 డీబీఎం. పదింతల తప్పు ఉంటే ఆ హద్దు దగ్గర పెట్టిన అలారానికి అర్థమే ఉండదు.

ట్రాఫిక్ గ్రాఫుల్లో ఇంకో ఉచ్చు ఉంది. పాత 32 బిట్ల కౌంటర్ 4,29,49,67,296 బైట్లకు సున్నాకు తిరుగుతుంది. 1 జీబీపీఎస్ నిండుగా నడిచే లింక్ మీద అది దాదాపు 34 సెకన్లు. ఐదు నిమిషాలకోసారి అడిగితే వచ్చే అంకెకు విలువ లేదు. ఐఎఫ్-మిబ్‌లోని 64 బిట్ల కౌంటర్లు వాడాలి, వాటికి ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 1 పనికిరాదు.

ట్రాప్‌ల దగ్గరే మిబ్ విలువ

పోలింగ్‌కు అంకెలు చాలు గానీ ట్రాప్, అంటే ఎవరూ అడగకుండానే పరికరం తానే పంపే హెచ్చరిక, వచ్చినప్పుడు పేరు కావాలి. ఏ ట్రాప్ వస్తుందో ముందుగా తెలియదు, రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి దాన్ని చదివి అర్థం చేసుకోవాలి. కాబట్టి మిబ్‌లు ముందుగా, జాగ్రత్తగా పెట్టాల్సింది ట్రాప్ అందుకునే ప్రోగ్రామ్ దగ్గర, అంటే యూడీపీ 162 మీద వినే చోట.

అక్కడ పాత పద్ధతి మిబ్‌లు ఒక చిక్కు తెస్తాయి. వెర్షన్ 1 ట్రాప్‌లో కంపెనీ ఓఐడీ విడిగా, ట్రాప్ నంబరు విడిగా ఉంటాయి. దాన్ని వెర్షన్ 2 రూపంలోకి మార్చేటప్పుడు ఆ రెండింటి మధ్య ఒక సున్నా చేరుతుంది. కంపెనీ 1.3.6.1.4.1.99999.5 అనుకుంటే, ట్రాప్ 7 అయితే, వచ్చేది 1.3.6.1.4.1.99999.5.0.7. నియమం రాసినవాళ్లు సున్నా మర్చిపోతే ట్రాప్ లాగ్‌లో కనిపిస్తూనే ఉంటుంది, అలారం మాత్రం రాదు. లింక్ డౌన్ లాంటి ఉమ్మడి ట్రాప్‌లకు ఈ తలనొప్పి లేదు, అది ఎక్కడైనా 1.3.6.1.6.3.1.1.5.3.

వ్యాసం మొదట్లో కనిపించిన 33.2.1 ‘బ్యాటరీ మీద ఉంది’ అనే ట్రాప్. యూపీఎస్ బ్యాటరీ మీద ఉన్నంతసేపూ దాన్ని నిమిషానికోసారి మళ్లీ పంపాలని నిర్వచనంలోనే ఉంది. రెండు గంటల కరెంటు కోతకు ఒక్కో యూపీఎస్ నుంచి నూట ఇరవై. పదిహేను ఊళ్లలో ఒకేసారి పోతే ఆపరేటర్ ఫోన్ మోగుతూనే ఉంటుంది, చివరికి ఆ ఎస్ఎంఎస్‌లను ఎవరూ చూడరు. మొదటి ట్రాప్‌కు అలారం తెరిచి, తర్వాతివి దానికే లెక్క కట్టేలా నియమం రాయాలి.

ట్రాప్ మీదే ఆధారపడటం కూడా తప్పే. అది యూడీపీ, చేరిందో లేదో పంపిన పరికరానికి తెలియదు. కరెంటు పోయిన క్షణంలో దారి మధ్యలోని స్విచ్ కూడా ఆరిపోతే ట్రాప్ అక్కడే పోతుంది. కాబట్టి 1.3.6.1.2.1.33.1.4.1.0ను రెండు మూడు నిమిషాలకోసారి అడుగుతూ ఉండాలి. జవాబు 3 అయితే మామూలు సరఫరా, 5 అయితే బ్యాటరీ, 4 అయితే బైపాస్. బైపాస్ చాలా చోట్ల పట్టించుకోని విలువ: మెకానిక్ వచ్చి యూపీఎస్‌ను బైపాస్‌లో పెట్టి మర్చిపోతే గది మామూలుగానే నడుస్తుంది, కరెంటు పోయిన మరుక్షణం ఊరంతా ఇంటర్నెట్ ఆగుతుంది.

లోడ్ అయిందన్న మాటను స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి నమ్మకూడదు. అసలు పరీక్ష యూపీఎస్ ఇన్‌పుట్ ఎంసీబీ దించడం. బ్యాటరీ నిండుగా ఉన్న రోజు, సబ్‌స్క్రైబర్లు తక్కువగా ఉండే వేళ, గదిలో మనిషిని పెట్టుకుని దించాలి. ట్రాప్ పేరుతో రావాలి, అలారం ఒక్కటే తెరుచుకోవాలి, వోల్టేజ్ నమ్మదగ్గ అంకెలో కనిపించాలి, ఎంసీబీ ఎత్తాక అలారం దానంతట అదే మూసుకోవాలి. చివరిది ఎక్కువగా తప్పుతుంది, ఎందుకంటే ఈ ఉమ్మడి మిబ్‌లో ‘కరెంటు తిరిగొచ్చింది’ అని విడిగా ట్రాప్ లేదు. పోలింగ్‌లో వచ్చే 3 విలువను చూసి మూయడం మేలు.

ఫర్మ్‌వేర్ మార్చినప్పుడల్లా ఇదంతా మళ్లీ చూసుకోవాలి. కొత్త ఫర్మ్‌వేర్‌లో టేబుల్ వేరే కొమ్మకు జరగొచ్చు, గుణకం మారొచ్చు, కొన్ని పరికరాల్లో సిస్ఆబ్జెక్ట్‌ఐడీయే మారి సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త రకంగా గుర్తిస్తుంది. పాత మిబ్, కొత్త మిబ్ రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంటే మాడ్యూల్ పేరు ఒకటే కాబట్టి ఏది చదివిందో చెప్పడం కష్టం. పాతదాన్ని ఫోల్డర్ బయటికి తీయాలి, తేదీ పేరు చివర తగిలించి అక్కడే ఉంచితే చాలదు. నవీకరణకు ముందు తీసిన వాక్‌ను తర్వాతి వాక్‌తో డిఫ్ కొడితే (తేడాలు పోల్చి చూస్తే) మారిన కొమ్మలు వరుసగా కనిపిస్తాయి.